ఒకటిన్నర మనుషులు

మే 13, సోమవారం, కొలంబో

మా ప్రాంతానికీ లంకకూ పదిహేడు వందల ఏళ్ళ చుట్టరికం ఉంది. మాది మాచర్లకు దగ్గర పల్లె. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి ద్వీపానికి చెందిన థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిందనీ, సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం ఏర్పాటు చేసిందనీ నాగార్జునకొండలో దొరికిన మూడో శతాబ్దపు ప్రాకృత శాసనం ఒకటి చెబుతుంది. ఆ తామ్రపర్ణే నేటి శ్రీలంక. బుద్ధుడంటే మాకు కృష్ణ ఒడ్డున పలనాటి రాతిలో కళ్ళు సగం మూసుకుని కూర్చున్న ముఖమే తప్ప, ఒకరిని భయపెట్టే పేరు ఎన్నడూ కాదు. ఆ పేరు మీదనే ఈ ద్వీపంలో తమిళుల ఇళ్ళు, ఆ తరువాత ముస్లింల దుకాణాలు ఎలా తగలబడ్డాయో అక్కడివారి నోట విని తెలుసుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అంతర్యుద్ధం ముగిసి 15 ఏళ్ళు నిండే మే 18కీ, వైశాఖ పౌర్ణమి అయిన మే 23కీ మధ్య అయిదు రోజులే ఎడం ఉండడంతో 2024లో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. చెన్నైలో పదేళ్ళు ఉద్యోగం చేసినందువల్ల నాకు తమిళం వచ్చు; సింహళం రాదు.

వెల్లవత్తలో నాకు బస ఇచ్చిన తమిళ పెద్దాయన బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మధ్యాహ్నం వాన వెలిశాక ఆయన నన్ను బొరెల్ల కూడలికి తీసుకెళ్ళారు. 1983 జులై 23 రాత్రి జాఫ్నాలోని తిరునెల్వేలి దగ్గర ఎల్టీటీఈ టైగర్లు పేల్చిన మందుపాతరకూ కాల్పులకూ 13 మంది సైనికులు చనిపోయారు. వారి అంత్యక్రియలు ఊళ్ళలో కాక రాజధానిలోనే, కనత్త శ్మశానంలో జరపాలని ప్రభుత్వం నిర్ణయించింది. 24వ తేదీ ఆదివారం సాయంత్రం అక్కడ చేరిన జనం నుంచి విడివడిన గుంపులు ఈ బొరెల్ల నుంచే మొదలుపెట్టి, తెల్లవారేసరికి నగరమంతా తమిళుల ఇళ్ళనూ అంగళ్ళనూ తగలబెట్టుకుంటూ పోయాయి. దారిలో ఏ ఇల్లు ఎవరిదో చెప్పడానికి వారి చేతుల్లో ఓటర్ల జాబితాలున్నాయి. ఓటు హక్కు కోసం రాయించుకున్న పేరు ఇంటి గుమ్మాన్ని పట్టించే గుర్తయింది. పక్కనే ఉన్న వెలికడ జైలులో 25న, మళ్ళీ 27న, మొత్తం 53 మంది తమిళ ఖైదీలను తోటి ఖైదీలు కొట్టి చంపారు. ఆ వారంలో దేశం మొత్తం మీద ఎందరు చనిపోయారన్నదానికి ప్రభుత్వం చెప్పిన సంఖ్య నాలుగు వందలకు లోపే ఉండగా, ఇతరుల అంచనాలు మూడు వేల వరకూ వెళతాయి. అధ్యక్షుడు జయవర్ధనే 28న గాని టెలివిజన్‌లో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు కూడా చనిపోయిన తమిళుల కోసం ఒక్క సానుభూతి మాట అనలేదు.

పెద్దాయన తన కథను చాలా నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పారు. సోమవారం ఉదయం బ్యాంకు నుంచి నడిచి వస్తుంటే గుంపు ఆపి, ఒక ప్లాస్టిక్ బకెట్ చూపించి, ఇదేమిటో చెప్పమన్నదట. సింహళంలో బకెట్‌ను ‘బాల్దియ’ అంటారు. తమిళంలో మాట మొదట ‘బ’కారం రాదు గనుక, తమిళుడు ఆ మాటను ‘వాల్దియ’ అనో ‘పాల్దియ’ అనో పలుకుతాడని వారి నమ్మకం. 1958 అల్లర్లలోనూ ఇదే పరీక్ష జరిగిందని చెబుతారు. ఆయన సింహళ బడిలో చదువుకున్నవారు కాబట్టి సరిగా పలికారు. తరువాత బుద్ధ వందన చదవమన్నారు. ‘ఇతిపి సో భగవా’ అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయారు. అప్పుడు వెనక నుంచి వచ్చిన ఎదురింటి సింహళ ఆవిడ, వీడు మా తమ్ముడేనని గదమాయించి చెయ్యి పట్టుకుని లాక్కుపోయిందట. ఆ కుటుంబం ఈయననూ, ఈయన తల్లినీ ఆరు రోజులు వంటింటి వెనక కొట్టంలో దాచింది. అలా పొరుగువారిని దాచిన సింహళ ఇళ్ళు కొలంబోలో ఎన్నో ఉన్నాయి.

మన బాల్చీ, వారి బాల్దియ, రెండూ పోర్చుగీసు ‘బాల్దె’ అనే ఒకే మాట నుంచి వచ్చినవే. తిరిగి వస్తూ నేను ఆ మాటను పలికి చూపించాను. ఆయన ఆగి నా ముఖం వైపు చూసి, “నువ్వు బతికిపోయేవాడివి తంబీ” అన్నారు.

మే 14, మంగళవారం, అనురాధపురం దారిలో

పొద్దున్నే పెట్టా నుంచి బస్సు ఎక్కాను. ఇక్కడి బస్సుల్లో డ్రైవరు వెనక ఉండే మొదటి సీటు మతగురువులది. నిట్టంబువ దగ్గర ఇరవయ్యేళ్ళైనా నిండని భిక్షువు ఒకరు ఎక్కగానే, ఆ సీటులో కూర్చున్న గర్భిణి లేచి నిలబడింది. ఆయన మొహమాటపడి ఆమెనే కూర్చోమని చేత్తో చూపించి, వెనక నిలబడ్డారు. ఈ దేశపు సాధారణ భక్తిలోని ఆ మర్యాదను నేను ముందుగా రాసిపెట్టుకోవాలనుకున్నాను, ఎందుకంటే రేపటి నుంచి రాయబోయేది ఆ భక్తి గురించి కాదు, దానిని పనిముట్టుగా వాడుకున్న రాజకీయం గురించి.

ఆ రాజకీయం ఒక గాయం నుంచే మొదలైంది. ఆంగ్లేయుల కాలంలో మిషనరీ బడులకూ, క్రైస్తవులైనవారికి దక్కే ఉద్యోగాలకూ ఎదురు నిలిచి బౌద్ధులకు ఆత్మగౌరవం కలిగించిన అనగారిక ధర్మపాల (1864–1933) చేసిన మేలు చిన్నది కాదు; బుద్ధగయ కోసం ఆయన పోరాడిన సంగతి మన దేశంలోనూ తెలుసు. కాని ఆయన ప్రచారంలో లంక సింహళ బౌద్ధుల సొంత ఆస్తిగా, తక్కినవారు వచ్చి చేరినవారుగా మారిపోయారు. 1915లో గంపొల ఊరేగింపు మసీదు ముందు వాద్యాలతో వెళ్ళవచ్చా అన్న తగాదా నుంచి ముస్లింల మీద పెద్ద దాడులు జరిగినప్పుడు, ముస్లిం వర్తకులు షైలాక్ పద్ధతుల్లో సింహళుల సొమ్ముతో బలిశారన్న అర్థంలో ఆయన లేఖ రాశాడు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే, తేయాకు తోటల్లో తరాలుగా పనిచేస్తున్న భారత సంతతి తమిళులు లక్షల మందిని కొత్త పౌరసత్వ చట్టం దేశం లేనివారిని చేసింది. వారి నెత్తిన వేలాడిన ఆ కత్తి 1964లో మన ప్రధాని శాస్త్రి, లంక ప్రధాని సిరిమావోల ఒప్పందం అయింది: 5,25,000 మంది భారత్‌కు, 3,00,000 మంది లంకకు, మిగిలిన 1,50,000 మంది సంగతి తరువాత. సంతలో పశువులను పంచుకున్నట్టు రెండు ప్రభుత్వాలు మనుషులను పంచుకున్నాయి, అందులో మన ప్రభుత్వమూ ఉంది.

1956 వైశాఖ పౌర్ణమికి బుద్ధుని పరినిర్వాణం జరిగి 2500 ఏళ్ళయిందని దేశమంతా ఉత్సవాలు జరిగాయి. వాటికి ముందే రేగిన ఉత్సాహపు అలమీద, భిక్షువులు ఊరూరా తిరిగి చేసిన ప్రచారంతో ఏప్రిల్‌లో గెలిచి ప్రధాని అయిన బండారనాయకె, జూన్‌లో సింహళం ఒక్కటే అధికార భాష అనే చట్టం తెచ్చాడు. తమిళ ఉద్యోగులు రాత్రికి రాత్రి నిరక్షరాస్యులైపోయారు. గల్ ఓయ లోయలో అప్పుడే తొలి హత్యలు జరిగాయి. మరుసటి ఏడాది తమిళ నాయకుడు చెల్వనాయకంతో బండారనాయకె ఒప్పందం చేసుకుని, ప్రాంతీయ మండళ్ళకూ, ఉత్తర తూర్పు ప్రాంతాల పాలనలో తమిళానికీ చోటిస్తానన్నాడు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ఆయన ఇంటి ముందు బైఠాయించి, ఒప్పందం రద్దయిందని రాతపూర్వకంగా మాట తీసుకున్న తరువాతే లేచారు. రెండు నెలలు తిరగకుండా దేశం తగలబడింది. పాణదురలో గుడి పూజారిని సజీవంగా దహనం చేశారు. ఆ తరువాతి ఏడాది బండారనాయకెను కాల్చి చంపింది ఒక భిక్షువు. ఆ కుట్ర నడిపినది, ఎన్నికల్లో ఆయనకు అండగా నిలిచిన కెలణియ విహారాధిపతి. ఇంత జరిగినా పాఠం తిరగబడింది గాని సరిదిద్దుకోలేదు. 1972 రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చింది, 1978 రాజ్యాంగపు 9వ అధికరణం దానిని పోషించడం రాజ్యం విధి అన్నది.

మే 15, బుధవారం, అనురాధపురం

రువన్‌వెలిసాయ స్తూపం ఎండలో కళ్ళు మూసుకునేటంత తెల్లగా ఉంది. చుట్టూ గోడకు ఏనుగుల వరుస, రాళ్ళు కాలుతున్నా చెప్పుల్లేకుండా తెల్లబట్టల్లో భక్తులు, చేతుల్లో నీలికలువలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో దీనిని కట్టించిన రాజు దుట్ఠగామణి. అతని విగ్రహం ఒకటి స్తూపానికి ఎదురుగా నిలబడి ఉంది. అతని కథ మహావంశంలో ఉంది. ఆ పాలి గ్రంథాన్ని ఒక భిక్షువు ఆ రాజు పోయిన ఆరేడు వందల ఏళ్ళ తరువాత రచించాడు. ఈ దేశంలో బడి పిల్లలందరికీ ఆ కథ వచ్చు. చిన్నతనంలో ముడుచుకుని పడుకున్న కొడుకును, కాళ్ళు చాపుకోవేమని తల్లి అడిగితే, గంగకు ఆవల తమిళులు, ఈవల సముద్రం, కాళ్ళెలా చాపను అన్నాడట. పెద్దవాడై, బల్లెంలో బుద్ధధాతువు పొదిగించుకుని, వెంట అయిదు వందల మంది భిక్షువులతో యుద్ధానికి వెళ్ళి, అనురాధపురాన్ని ఏలుతున్న చోళుడు ఏళారను చంపాడు.

ఆ ఏళార గురించి అదే గ్రంథం ఏం చెబుతుందో చదివితే మన బెజవాడ మాధవవర్మ కథ చదివినట్టే ఉంటుంది. నలభై నాలుగేళ్ళు ధర్మంగా పాలించాడనీ, న్యాయం కోరేవారి కోసం మంచం దగ్గర గంట కట్టించాడనీ, కొడుకు రథం కింద పడి దూడ చనిపోతే కొడుక్కు అదే శిక్ష వేశాడనీ అతని శత్రువుల చరిత్రకారుడే రాశాడు. అతను చనిపోయిన చోట సమాధి కట్టించి, ఆ దారిన వెళ్ళేవారు వాద్యాలు ఆపాలని దుట్ఠగామణే శాసించాడు. 1818 తిరుగుబాటులో ఓడి పారిపోతున్న ఒక క్యాండీ సర్దారు కూడా ఆ చోటు దాటే వరకు పల్లకీ దిగి నడిచాడని అంటారు. ఏళార సమాధిగా జనం శతాబ్దాలుగా నమ్మిన ఆ దిబ్బ ఏళారది కాదు, దక్షిణ స్తూపమని ఇరవయ్యో శతాబ్దపు పురాతత్త్వవేత్తలు తేల్చారు. అక్కడ దొరికిన బూడిద దుట్ఠగామణిదే అన్నవారూ వచ్చారు. సాయంత్రం నేను అక్కడికి వెళ్ళేసరికి ఇటుకల మీద పావురాలు తప్ప ఎవరూ లేరు. శత్రువుకు ఇచ్చిన గౌరవం అక్కడ ఉండేదని చెప్పే మాట ఏదీ నాకు కనిపించలేదు. పురావస్తు నిర్ధారణ సరైనదే కావచ్చు, కాని దానితో పాటు పోయినది ఈ దేశానికి చాలా అవసరమైన జ్ఞాపకం.

నన్ను ఇక్కడికి లాక్కొచ్చినది మాత్రం ఆ గ్రంథంలోనే కొద్ది శ్లోకాల తరువాత వచ్చే ఘట్టం. గెలిచిన రాజుకు నిద్ర పట్టదు. లెక్కలేనంత సేనను చంపించిన నాకు ఊరట ఎక్కడిదని కుమిలిపోతాడు. అప్పుడు పియంగుదీపం నుంచి ఎనిమిది మంది అర్హతులు, అంటే నిర్వాణస్థితి పొందిన భిక్షువులు, ఆకాశమార్గాన వచ్చి ఓదారుస్తారు. రాజా, నువ్వు చంపినది ఒకటిన్నర మనుషులనే, అంటారు. ఒకడు త్రిశరణాలు మాత్రమే స్వీకరించినవాడు, అతను సగం. ఇంకొకడు పంచశీలను కూడా పాటించినవాడు, అతను ఒక మనిషి. మిగిలినవారంతా మిథ్యాదృష్టి గలవారు, దుశ్శీలురు, పశుసమానులు.

స్తూపం నీడలో కూర్చుని ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. రాజు ఏడుపు నిజమైనది. అతనికి సమాధానం చెప్పినవారే అతని కన్నీటిని తుడిచి, దానితోపాటు శవాలనూ తుడిచేశారు. బుద్ధుడు చెప్పినదేదీ ఇందులో లేదు. ఇది ఒక భిక్షువు తన సంఘానికీ రాజ్యానికీ మధ్య కుదిర్చిన లెక్క. గ్రంథంలో మూలపడి ఉన్న ఆ లెక్కను పాఠ్యపుస్తకాలూ, వేదికలూ, ఎన్నికలూ బయటికి తీసిన తరువాతే అది ప్రమాదకరం అయింది.

శ్రీ మహాబోధి వృక్షం దగ్గర ఇంకొక లెక్క ఉంది. 1985 మే 14న టైగర్లు బస్‌స్టాండులోనూ, ఈ చెట్టు దగ్గర ప్రార్థిస్తున్నవారి మీదా కాల్పులు జరిపి 146 మందిని చంపారు. నేను వచ్చింది దానికి సరిగ్గా 39 ఏళ్ళ తరువాతి మరుసటి రోజు. ఆ చెట్టు కింద పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లులు ఏ రాజ్యాంగాన్నీ రాయలేదు. తమిళుల మీద జరిగిన అన్యాయాన్ని రాసేవాడు దీనిని రాయకపోతే అతనూ ఒకటిన్నర మనుషులనే లెక్కించినవాడవుతాడు.

మే 16, గురువారం, ఏ-9 రహదారి

వవునియా దాటాక భూమి ఎరుపు, తాటిచెట్ల వరుస, మాటలు తమిళం. దారి పొడవునా సైనిక శిబిరాల గోడలు. కిళినొచ్చి ఊరి మధ్యలో సైన్యం కట్టించిన విజయ స్మారకం ఉంది: పెద్ద సిమెంటు ఘనం, దానిలో దిగబడిన ఫిరంగి గుండు, బీటలు వారిన ఆ రాయి పైన వికసించిన తామర. తామర ఎవరి గుర్తో ఇక్కడ అందరికీ తెలుసు. బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి తల తిప్పి రెండో వైపు కిటికీలోకి చూసింది.

మే 17, శుక్రవారం, జాఫ్నా

ప్రజా గ్రంథాలయం ముందు తెల్లని సరస్వతి కూర్చుని ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాను. 1933లో చెల్లప్ప అనే ఆయన తన ఇంట్లో కొన్ని పుస్తకాలతో మొదలుపెట్టినది, జనం చందాలతో పెరిగి, మన రంగనాథన్ గారి సలహాలతో, మద్రాసు వాస్తుశిల్పి గీసిన పటంతో భవనమై 1959లో తెరుచుకుంది. 1981 మే 31న జాఫ్నాలో తమిళ పార్టీ సభలో ఇద్దరు పోలీసులు హతమయ్యారు. ఎన్నికల బందోబస్తుకని దక్షిణం నుంచి వచ్చిన పోలీసులు ఆ రాత్రి నుంచి పార్టీ కార్యాలయాన్నీ, ఎంపీ ఇంటినీ, ఈళనాడు పత్రిక కచేరీనీ, చివరికి ఈ గ్రంథాలయాన్నీ తగలబెట్టారు. కాలిన పుస్తకాలు 97,000. వాటిలో మరెక్కడా ప్రతి లేని తాళపత్రాలున్నాయి. దూరం నుంచి ఆ మంటలు చూసిన బహుభాషావేత్త డేవిడ్ ఫాదర్ గుండె ఆగి చనిపోయారు.

ఇప్పటి భవనం తెల్లగా, శుభ్రంగా ఉంది. పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారు. అరలు వరుసలుగా నిండి ఉన్నాయి, కాని చాలావాటి వెన్నులు కొత్తవి. తాతల కాలం నుంచి ఉండవలసిన పుస్తకాల దగ్గర తాతల కాలం లేదు. లోపల ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నాతో మాట కలిపి, “మనుషుల్ని చంపితే కోపం వస్తుంది తంబీ. పుస్తకాలు కాల్చినప్పుడు మాకు అర్థమైంది, మేము ఇక్కడ ఎప్పుడూ లేమని చెప్పదలుచుకున్నారని” అన్నారు. ఆ రాత్రి తరువాత తుపాకీ పట్టిన పిల్లల్లో తన విద్యార్థులు ఎందరో చెబుతూ ఆయన వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఆ తుపాకులే 1990 అక్టోబరు 30న జాఫ్నా ముస్లింలను రెండు గంటల్లో ఊరు విడిచి పొమ్మన్నాయని నేను అడగకముందే ఆయనే చెప్పారు. ఉత్తర ప్రాంతం మొత్తం మీద డెబ్భై వేల మందికి పైగా కట్టుబట్టలతో వెళ్ళిపోయారు. “ఆ రోజు మా వీధి వాళ్ళం గుమ్మాల్లో నిలబడి చూశాం. ఎవరం నోరు మెదపలేదు” అన్నారాయన, తల వంచుకుని.

మధ్యాహ్నం కందరోడై వెళ్ళాను. తాటితోపుల మధ్య పగడపు రాతితో కట్టిన చిన్న చిన్న స్తూపాలు, బోర్లించిన గంపల్లా, గుంపుగా ఉన్నాయి. శాలిహుండం కొండ మీది స్తూపాలు చూసినవారికి ఇవి పరాయివి అనిపించవు. తమిళులలో ఒకప్పుడు బౌద్ధులు ఉండేవారు, కాంచీపురమూ నాగపట్టణమూ అందుకు సాక్ష్యం. అయినా ఇక్కడ స్తూపం దొరికితే అది సింహళ గ్రామమని రాజ్యం అంటుంది. స్తూపం దొరికితే పొలం పోతుందని తమిళ రైతు భయపడతాడు. ఆ భయం ఊహ కాదు. ముల్లైత్తీవు కురుందుమలైలో తవ్వకాలు జరిగిన చోట కోర్టు ఆదేశాలు ఉండగానే కట్టడం సాగింది. ఆ కేసు చూసిన న్యాయమూర్తి ప్రాణభయం ఉందంటూ 2023 సెప్టెంబరులో రాజీనామా చేసి దేశం విడిచి వెళ్ళారు. తూర్పు ప్రాంతంలో పురాతత్త్వ స్థలాల కోసం 2020లో వేసిన అధ్యక్ష కార్యదళానికి రక్షణ కార్యదర్శి నాయకత్వం వహించాడు. ప్రకటించిన సభ్యులలో ఒక్క తమిళుడూ, ఒక్క ముస్లిమూ లేరు. బౌద్ధ శిథిలం ఉన్న ప్రతి చోటూ సింహళ నేల అయితే, సింహళ విహారమే ఉన్న మా నాగార్జునకొండ ఎవరిది కావాలి? రాళ్ళు భక్తి గురించి చెబుతాయి, పట్టా గురించి చెప్పవు.

మే 18, శనివారం, ముళ్ళివాయ్‌క్కాల్

తెల్లవారుజామునే జాఫ్నా నుంచి బస్సులు బయలుదేరాయి. పరందన్, పుదుక్కుడియిరుప్పు దాటాక ఒక వైపు సముద్రం, మరో వైపు నందికడల్ అనే ఉప్పునీటి సరస్సు, మధ్యలో సన్నని ఇసుక పట్టీ. 2009 తొలి నెలల్లో లక్షల మంది ఈ పట్టీ మీదికి నెట్టబడ్డారు. ప్రభుత్వం దాడులు జరగని మండలమని ప్రకటించిన చోటుకు జనం చేరడం, అక్కడే గుండ్లు పడడం, మరో మండలం ప్రకటించడం, ఇలా మూడుసార్లు జరిగింది. పారిపోబోయిన జనాన్ని టైగర్లు ఆపారు, కొందరిని కాల్చారు. చివరి దశలో 40,000 మంది వరకు పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2011లో చెప్పింది. మన్నార్ బిషప్ రాయప్ప జోసెఫ్ ఇంకో విధంగా లెక్క కట్టాడు. 2008 అక్టోబరులో ఈ వన్ని ప్రాంతంలో ఉన్నవారు 4,29,059 మంది అని ప్రభుత్వ కచేరీల లెక్క. 2009 జులై నాటికి ప్రభుత్వ ప్రాంతానికి వచ్చినవారు 2,82,380 మంది. తీసివేయగా 1,46,679. ఈ మనుషులేమయ్యారని ఆయన ప్రభుత్వ కమిషన్‌ను అడిగాడు. అందరూ చనిపోయారని ఆయన అనలేదు, లెక్క చెప్పమన్నాడు. ఆయన 2021లో కన్నుమూసే వరకు సమాధానం రాలేదు.

పదిన్నర ప్రాంతంలో మౌనం పాటించి, పెద్ద జ్యోతి వెలిగించారు. ఆ తరువాత ఇసుకలో వందల దీపాలు. ప్రతి దీపం ముందూ ఒక ఫోటో, ఒక అరటిపండు, కొన్నిచోట్ల బిస్కెట్ పొట్లం. నా ముందు కూర్చున్న ముసలమ్మ ఫోటో లేకుండానే మూడు వత్తులు వెలిగించింది. ఇల్లు కాలినప్పుడు ఫోటోలూ పోయాయని చెప్పి, గాలికి ఆరిపోతున్న మూడో వత్తికి చేతులు అడ్డం పెట్టింది. ఆ అరచేతుల మధ్యలో వెలుగు ఎర్రగా కనిపిస్తూ చాలాసేపు ఉండిపోయింది. ఆమ్నెస్టీ ప్రధాన కార్యదర్శి ఈసారి వచ్చి అక్కడ నిలబడడం అందరూ చెప్పుకున్నారు.

తరువాత కొబ్బరి చిప్పలో గంజి ఇచ్చారు. బియ్యం, నీళ్ళు, ఉప్పు. ముట్టడి చివరి వారాల్లో దొరికినది ఇదొక్కటే. దానికోసం వరుసలో నిలబడినవారి మీద గుండ్లు పడ్డాయి. పిల్లలకు తెలియాలని ఏటా ఇదే వండుతారు. వారం కిందట తూర్పున సంపూర్‌లో ఈ గంజి పంచినందుకు ముగ్గురు స్త్రీలతో సహా నలుగురిని పోలీసులు అరెస్టు చేశారు. నేను తాగాను. మా ఇంట్లో జ్వరం వస్తే ఇచ్చే గంజి రుచే.

మే 19, ఆదివారం, కిళినొచ్చి

దక్షిణంలో ఈరోజు యుద్ధవీరుల దినం. ఇక్కడ కందస్వామి గుడి దగ్గర 2017 ఫిబ్రవరి 20 నుంచి ధర్నా చేస్తున్న తల్లులను కలిశాను. యుద్ధం చివర బిడ్డను తమ చేతులతో సైన్యానికి అప్పగించి, ఆ తరువాత మళ్ళీ చూడనివారు వారిలో ఉన్నారు. నేను మాటల్లో ‘కాణామల్ పోనవర్గళ్’ అన్నాను, తప్పిపోయినవారు అని. ఒక తల్లి వెంటనే సరిదిద్దింది: “కాణామల్ పోలేదు తమ్ముడూ. కాణామల్ ఆక్కపట్టవర్గళ్.” కనబడకుండా చేయబడినవారు. తప్పిపోవడం బిడ్డ చేసిన పని అవుతుంది. కనబడకుండా చేయడానికి చేసినవాడొకడు ఉండాలి. ఆ ఒక్క క్రియాపదాన్ని వారు వదులుకోరు. ప్రభుత్వం మరణ ధ్రువపత్రమూ, పరిహారమూ ఇస్తానంటే వద్దన్నది ఇందుకే. ఈ ఏళ్ళలో ధర్నాలోనే చనిపోయిన తల్లుల ఫోటోలు బిడ్డల ఫోటోల పక్కకు చేరాయి.

మే 21, మంగళవారం, క్యాండీ

దంతధాతు మందిరం చూశాను. 1739 నుంచి ఈ సింహాసనం మీద కూర్చున్నవారు మధురై నాయకుల చుట్టాలు, మూలాన తెలుగు వంశస్థులు. వారిలో కీర్తి శ్రీ రాజసింహుడు 1753లో సియాం నుంచి భిక్షువులను రప్పించి, ఆగిపోయిన ఉపసంపద దీక్షను, అంటే భిక్షువుల పూర్తి దీక్షను, మళ్ళీ నిలబెట్టాడు. నేటి భిక్షు సంఘంలోని అతి పెద్ద శాఖ ఆ పుణ్యమే. అయినా విభూతి పెట్టుకునే పరాయివాడని, 1760లో భిక్షువులూ సర్దారులూ అతన్ని చంపడానికి కుట్ర పన్నారు. అతను బయటపడి, కుట్రలో ఉన్న భిక్షువులను క్షమించాడు.

మే 23, గురువారం, దిగన

వైశాఖ పౌర్ణమి. క్యాండీ నుంచి దిగన వరకు దారంతా వెదురు పుల్లలకు కాగితం అతికించిన లాంతర్లు, ఆరు రంగుల జెండాలు, అడుగడుక్కీ ఉచితంగా అన్నం పెట్టే దన్సల్‌లు. ఎవరు, ఏ మతం అని అడగకుండా వరుసలో నిలబడిన ప్రతివారికీ పెడుతున్నారు. నాకు పెట్టిన కుర్రాడు నేను భారతదేశం నుంచి వచ్చానని తెలిసి, బుద్ధుడి ఊరా అని అడిగి, ఇంకో గరిటె వేశాడు.

2018 మార్చిలో ఈ వీధి తగలబడింది. యుద్ధంలో తమిళులు ఓడిన తరువాత కొత్త శత్రువు అవసరమైంది. 2012లో ఏర్పడిన బొదు బల సేన అనే సింహళ బౌద్ధ సంస్థ హలాల్ ముద్రతో మొదలుపెట్టి, 2014 జూన్‌లో అలుత్గమ దాకా తీసుకెళ్ళింది. అక్కడ దాని నాయక భిక్షువు ఉపన్యాసం ముగిసిన కొద్దిసేపటికే ముస్లిం ఇళ్ళు కాలాయి. 2018లో అంపారలోని ఒక ముస్లిం హోటల్లో అన్నంలో శాశ్వతంగా సంతానం కలగకుండా చేసే మాత్రలు కలుపుతున్నారన్న పుకారు ఫేస్‌బుక్‌లో దేశమంతా తిరిగింది. అలాంటి మాత్ర ఈ లోకంలో లేదు. అదే వారంలో తెల్దెనియ దగ్గర దారి తగాదాలో ముస్లిం యువకులు కొట్టిన సింహళ లారీ డ్రైవరు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ అంత్యక్రియల నాడు గుంపులు దిగనకు వచ్చాయి. ఇంట్లో చిక్కుకుని ఒక ముస్లిం యువకుడు చనిపోయాడు. శవయాత్ర, పుకారు, వరుసగా ఇళ్ళు: 1983 నుంచి మారినది పుకారు వెళ్ళే దారి ఒక్కటే.

2019 ఈస్టర్ బాంబు దాడుల్లో 260 మందికి పైగా చనిపోయాక, ఆ నేరానికి ఏ సంబంధమూ లేని మినువంగొడ ముస్లింల అంగళ్ళు కాల్చారు. కోవిడ్‌లో చనిపోయిన ముస్లింలను ఖననం చేయనివ్వకుండా 2021 ఫిబ్రవరి వరకు బలవంతంగా దహనం చేశారు. వారిలో 20 రోజుల పసిబిడ్డ కూడా ఉంది.

టీ తాగడానికి ఆగిన చిన్న హోటలు యజమాని తమిళం మాట్లాడే ముస్లిం. 2018లో కాలిన షాపును అప్పు చేసి మళ్ళీ కట్టుకున్నాడు. పాత బోర్డు మీద తండ్రి పేరు ఉండేదట. కొత్త బోర్డు సింహళంలో, ఎవరి పేరూ లేకుండా ఉంది. చీకటి పడుతుండగా ఆయన స్టూలు తెచ్చి, షాపు ముందు ఒక పెద్ద వెసాక్ లాంతరు కట్టడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగాను. “పిల్లలకు ఇష్టం” అన్నాడు. తాడు ముడి వేస్తూ, కాసేపాగి, “వీధిలో ఏ గుమ్మం ముందు దీపం లేదో లెక్క పెట్టుకునేవాళ్ళు ఉంటారు” అన్నాడు. అంతలో లోపలి నుంచి ఆయన చిన్న కూతురు పరుగెత్తుకొచ్చి, బల్బు ఎర్రది పెట్టమని మారాం చేసింది. ఆయన ఎర్ర బల్బు కోసం చెయ్యి చాచి, స్టూలు ఊగుతోంది, కాస్త పట్టుకోమని నాతో అన్నాడు. నేను రెండు చేతులతో పట్టుకున్నాను.